కంటికి కనిపించే కొండల వరసలు ఫోటోలో ఎందుకు అతుక్కుపోతున్నాయి?

కొండదారి
ఎత్తు మీద నిలబడి చూస్తే ఒకదాని వెనక ఒకటి ఏడెనిమిది వరసలు కనిపిస్తాయి. ముందుది నల్లగా, దాని వెనకది ముదురు నీలం, ఆ వెనకది ఇంకా లేత, చివరిది ఆకాశమో కొండో తేల్చుకోలేనట్టు. అదే ఫోటో తీసి కంప్యూటర్‌లో చూస్తే ముందు ఒక పచ్చటి గుట్ట, వెనకాల అంతా ఒకటే బూడిద రంగు. కెమెరా ఫుల్ ఫ్రేమ్, 24 మెగాపిక్సెల్. లెన్స్‌లు 24-70, 70-200 మిల్లీమీటర్లవి రెండూ ఉన్నాయి. అపర్చర్ (లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం) బాగా చిన్నది చేసి, ఎఫ్16 పెట్టి ట్రైపాడ్ మీదే తీస్తున్నా. సెట్టింగ్ ఏదో తేడా కొడుతోందని అనుమానం. ఇలాంటి వరసలు, అదే లేయర్స్, తీసే అలవాటున్నవాళ్ళు చెప్పండి.

పిక్సెల్‌పిచ్చి
ఫోటో పెట్టకుండా రోగం చెప్పమంటే ఎలా?

మసకవెలుగు
ఫోటో లేకపోయినా ఫర్వాలేదు. సూర్యుడు మీకు ఏ వైపు ఉన్నాడు? ఏ ఫోకల్ లెంగ్త్? ఎడిటింగ్‌లో డీహేజ్ (మసక తగ్గించే స్లైడర్) ఎంత లాగారు?

కొండదారి
సూర్యుడు వీపు వెనక. ఎండ కొండల మీద పడాలి కదా అని. ఫోకల్ లెంగ్త్ ఎక్కువగా 24 నుంచి 35 మధ్య. డీహేజ్ +40 దాకా పెట్టా, లేకపోతే మసక పోవట్లేదు. లెన్స్ మీద పోలరైజర్ కూడా ఉంది.

రా_ఫైల్_రాజు
లేయర్స్ పోగొట్టడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ ఒకే ఫోటోలో వాడేశారు. మెచ్చుకోవాలి.

మసకవెలుగు
రాజు ఎగతాళికి ఏం గానీ, అసలు సంగతి అదే. ఆ వరసలు విడివిడిగా కనిపించడానికి కారణం కొండకీ కొండకీ మధ్య ఉన్న గాలి. గాలి అణువులు, దుమ్ము, సన్నటి నీటి బిందువులు ఎండని చెదరగొడతాయి. కొండ ఎంత దూరంలో ఉంటే మధ్యలో అంత గాలి, అంత చెదిరిన వెలుగు. ఆ వెలుగు నల్లటి కొండ మీద తెర దించినట్టు పడి దాన్ని లేతగా చేస్తుంది. గాలి అణువులు నీలాన్ని ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదరగొడతాయి కాబట్టి ఆ తెరకి నీలి రంగు వస్తుంది. ఇప్పుడు మీరు డీహేజ్ +40 పెట్టారంటే ఆ తెరని పీకెయ్యమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పినట్టే. పోలరైజర్ కూడా అదే పని చేస్తుంది, సూర్యుడికి 90 డిగ్రీలు పక్కగా తీస్తున్నప్పుడు మరీ ఎక్కువ.

ఇక సూర్యుడు. మంచు బిందువుల్లాంటి కాస్త పెద్ద కణాలు వెలుగుని ఎక్కువగా అది వెళ్తున్న దిక్కుకే చెదరగొడతాయి. అంటే మీరు సూర్యుడి వైపు తిరిగి ఉంటే లోయలో మసకంతా వెలుగుతుంది. అదే సమయంలో కొండల్లో మనకి కనిపించే వైపు నీడలో ఉంటుంది. నల్లటి కొండ, దాని వెనక వెలిగే మసక, మళ్ళీ కొంచెం తక్కువ నల్లటి కొండ. మీకు కావలసింది ఆ తేడా. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుంటే కొండలన్నీ ఒకేలా వెలిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

కొండదారి
ఎదురెండలో తీస్తే ముందు కొండ మొత్తం నల్లబడుతుంది. డీటెయిల్ పోదా?

ట్రైపాడ్_బాబాయ్
పోనీ నాయనా. అది నల్లగా ఉంటేనే వెనకవి లేతగా ఉన్నట్టు తెలిసేది.

శ్రావ్య_ఫ్రేమ్స్
బాబాయ్ గారు చెప్పింది సగం ఒప్పుకుంటా. మరీ తారు పూసినట్టు నల్లగా ఉంటే కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. ముందు కొండ మీద చెట్ల అంచులైనా తెలియాలి. నేను హైలైట్స్ కాలిపోకుండా చూసుకుని ఎంత వీలైతే అంత ఎక్కువ ఎక్స్‌పోజ్ చేస్తా, తర్వాత రా ఫైల్‌లో (సెన్సర్ పట్టిన డేటా అంతా ఉండే ఫైల్) కిందికి దించుతా. నీడల్లో నాయిస్ రాదు.

ఎఫ్8
ఎఫ్16 ఎందుకు పెట్టారో అడిగారా ఎవరైనా? మీ 70-200ని 200 దగ్గర, ఎఫ్8లో పెట్టి లెక్క చూడండి. ఫుల్ ఫ్రేమ్ మీద హైపర్‌ఫోకల్ దూరం దాదాపు 167 మీటర్లు. అక్కడ ఫోకస్ చేస్తే 84 మీటర్ల నుంచి అనంతం దాకా షార్ప్. కొండలన్నీ కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఎఫ్16తో వచ్చే లాభం ఏమీ లేదు. పైగా చిన్న రంధ్రంలో వెలుగు వంగి చెదిరి (డిఫ్రాక్షన్) ఫోటో మెత్తబడుతుంది, షట్టర్ నెమ్మదిస్తుంది, సెన్సర్ మీద ఉన్న ప్రతి దుమ్ము చుక్కా ఆ నున్నటి మసకలో నల్లటి మచ్చలా తేలుతుంది.

రా_ఫైల్_రాజు
పేరు పెట్టుకున్నందుకు ఎఫ్8కి న్యాయం చేశాడు.

కొండదారి
దుమ్ము మచ్చలు! నిజమే, ఆకాశం నిండా ఉన్నాయి. పక్షులు అనుకున్నా.

వాన_మబ్బు
24లో తీయడమే అసలు సమస్య అని నా ఉద్దేశం. టెలీ (200 లాంటి పొడుగు లెన్స్) పెడితే కొండల్ని దగ్గరికి లాగి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. కంప్రెషన్ అంటారు. వైడ్‌లో ఆ పని జరగదు.

పాతరీలు
లెన్స్ దేన్నీ లాగదండీ. కొండలు ఒకదాని మీద ఒకటి ఎలా పడతాయన్నది మీరు ఎక్కడ నిలబడ్డారన్న దాన్ని బట్టే ఉంటుంది. 24లో తీసిన ఫోటో మధ్య ముక్క కోసి 200లో తీసిన దాని పక్కన పెట్టండి, వరసలు అచ్చం ఒకేలా ఉంటాయి.

వాన_మబ్బు
పుస్తకంలో అలాగే రాస్తారు. కోసి చూస్తే ఆ ముక్కలో ఏం మిగులుతుంది?

పాతరీలు
అది వేరే ప్రశ్న. 24 నుంచి 200కి కోస్తే 24 మెగాపిక్సెల్‌లో మిగిలేది దాదాపు 0.35 మెగాపిక్సెల్. కాబట్టి టెలీ వాడండి, నేనూ వాడతా. కానీ లెన్స్ మారిస్తే వరసల మధ్య దూరం మారుతుందనుకుని ఒకేచోట నిలబడి జూమ్ తిప్పుతూ కూర్చుంటే లాభం లేదు. నాలుగడుగులు పక్కకి నడిస్తే ముందు గుట్ట వెనక దాక్కున్న వరస బయటికొస్తుంది. టెలీ చేసే మేలల్లా ఫ్రేమ్‌లో అనవసరమైనది రాకుండా ఆపడం.

వాన_మబ్బు
సరే, ఆ నాలుగడుగుల మాట ఒప్పుకుంటున్నా. కంప్రెషన్ అనే మాట మాత్రం వదలను, అందరికీ అర్థమవుతుంది.

ట్రైపాడ్_బాబాయ్
నడవడానికి చోటుంటే కదా. వ్యూ పాయింట్‌లో రెయిలింగ్ దగ్గర సెల్ఫీలవాళ్ళ మోచేతుల మధ్య లెన్స్ పెట్టి తీసిన ఫోటోలే నావి సగం.

నీలిగీత
నడవడం గురించి వచ్చింది కాబట్టి ఎత్తు గురించి ఒక మాట. అందరూ శిఖరం ఎక్కితే లేయర్స్ బాగా వస్తాయనుకుంటారు. నాకు మాత్రం సగం ఎత్తులోనే బాగా వస్తాయి. మరీ పైనుంచి చూస్తే చిన్న కొండల గీతలు నేలలో కలిసిపోతాయి, వాటి వెనక మసక కాకుండా వెనక కొండ ఒంటి మీది అడవి వస్తుంది. మరీ కిందనుంచి చూస్తే ముందు గుట్టే అన్నిటినీ మింగేస్తుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట ప్రతి గీతా దాని ముందు గీత కన్నా కొంచెం పైకి తేలుతుంది.

పిక్సెల్‌పిచ్చి
నేను ఒప్పుకోను. లోయలో మంచు నిండినప్పుడు శిఖరం మీద ఉన్నవాడిదే పంట. సగం ఎత్తులో ఉన్నవాడు మంచు లోపలే ఉంటాడు, వాడికి తెల్ల గోడ తప్ప ఏమీ కనిపించదు.

నీలిగీత
మంచు పొద్దుల్లో మీదే రైటు. నేను మామూలు మసక ఉన్న రోజుల గురించి అంటున్నా.

కొండదారి
మంచు ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తుందా? అదృష్టమేనా?

మసకవెలుగు
చాలావరకు తెలుస్తుంది. ముందురోజు వాన పడి నేల తడిగా ఉండాలి, రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండాలి, గాలి దాదాపు ఆగిపోవాలి. అప్పుడు నేల వేడి కోల్పోయి దాని మీది గాలి చల్లబడుతుంది, ఆ చల్లటి బరువైన గాలి జారి లోయలో చేరుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. దాన్నే ఇన్వర్షన్ అంటారు. వెదర్ యాప్‌లో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బిందువులయ్యే ఉష్ణోగ్రత) రెండూ దగ్గరకొచ్చేశాయా, గాలి వేగం తక్కువగా ఉందా అని చూసుకోండి. రాత్రి మబ్బు పట్టిందంటే నేల అంతగా చల్లబడదు, నిద్రపోవచ్చు. ఎండ ఎక్కి నేల వేడెక్కాక గాలి పైకీ కిందికీ కలిసిపోయి మంచు చెదిరిపోతుంది, కాబట్టి వెలుగు రాకముందే అక్కడ ఉండాలి.

ట్రైపాడ్_బాబాయ్
యాప్ చెప్పింది విని చీకట్లో కొండెక్కి తెల్లవారాక దిగినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి.

వాన_మబ్బు
✋

శ్రావ్య_ఫ్రేమ్స్
✋ రెండు చేతులూ.

మొబైల్‌వాలా
మీ కెమెరాల గొడవ సరే. నా ఫోన్‌లో 5ఎక్స్ లెన్స్ ఉంది. స్క్రీన్ మీద చూసినప్పుడు లేయర్స్ బ్రహ్మాండంగా ఉంటాయి, నొక్కాక ఒక్క క్షణం ఆగి ఫోటో మారిపోతుంది. మసక తగ్గిపోయి, ముందు కొండ పచ్చగా అయిపోయి... ఎవరడిగారు దాన్ని?

రా_ఫైల్_రాజు
ఫోన్ దృష్టిలో మసక ఒక లోపం. నీడల్ని లేపి, వెలుగుల్ని దించి, లోకల్ కాంట్రాస్ట్ పెంచి వడ్డిస్తుంది. ప్రో మోడ్‌లో రా ఆన్ చెయ్యండి, హెచ్‌డీఆర్ (వెలుగునీ నీడనీ సమం చేసేది) ఆపే వీలుంటే ఆపండి. తీసేముందు వెలుతురున్న చోట వేలుతో నొక్కి ఎక్స్‌పోజర్ కొంచెం దించండి. ఇంకో విషయం, 5ఎక్స్ అని కనిపించినా వెలుతురు తక్కువైతే కొన్ని ఫోన్లు మెయిన్ సెన్సర్‌తో తీసి కోసి ఇస్తాయి. ఒకసారి లెన్స్‌ల మీద వేలు పెట్టి ఏది పనిచేస్తోందో చూసుకోండి.

మొబైల్‌వాలా
వేలు పెట్టి చూశా. మీరన్నట్టే, చీకటి పడ్డాక మెయిన్ లెన్సే. మోసం.

కొండదారి
ఎడిటింగ్ సంగతి చెప్పండి. డీహేజ్ తీసేసి చూశా, పాత ఫైల్‌లోనే నాలుగైదు వరసలు తేలాయి! కానీ ఫోటో చప్పగా ఉంది. కాంట్రాస్ట్ పెంచితే మళ్ళీ వెనకవి కలిసిపోతున్నాయి.

నీలిగీత
దీనికి కొంచెం వివరంగా చెప్పాలి. ఆకాశంతో పోలిస్తే కొండ ఎంత నల్లగా కనిపిస్తుందన్నది దూరంతో పాటు సమానంగా తగ్గదు, రెట్లలో తగ్గుతుంది. కోష్మీడర్ అనే జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త 1924లో రాసిన సూత్రం ఇది, ఇప్పటికీ విజిబిలిటీ లెక్కలకి దాన్నే వాడతారు. ఉదాహరణకి ఆ రోజు మసకలో 5 కిలోమీటర్లకి కాంట్రాస్ట్ సగం అయిందనుకోండి. 10 కిలోమీటర్లకి పావు, 15కి పావులో సగం. మొదటి వరసకీ రెండో దానికీ తేడా చాలా ఎక్కువ, చివరి రెండిటికీ తేడా అతి తక్కువ. కాంట్రాస్ట్ స్లైడర్ మొత్తం ఫోటోని ఒకేలా సాగదీస్తుంది. మధ్య టోన్లని విడదీస్తుంది కానీ పైనున్న లేత టోన్లని ఇంకా దగ్గరికి నొక్కేస్తుంది. మీ దూరపు కొండలన్నీ ఉన్నది సరిగ్గా ఆ లేత టోన్లలోనే.

అందుకని కర్వ్ వాడండి, నలుపు నుంచి తెలుపు దాకా టోన్లని విడివిడిగా మార్చే గీత అది. కర్వ్‌లో పై మూడో వంతు దగ్గర ఒక చుక్క పెట్టి కొంచెం కిందికి లాగండి, చివరి చుక్క కదలకుండా ఉంచండి. అక్కడ గీత నిటారుగా అవుతుంది, అంటే లేత కొండలు విడిపోతాయి. తర్వాత నల్లటి వైపు ఇంకో చుక్క. హిస్టోగ్రామ్ (ఏ టోన్ ఫోటోలో ఎంత ఉందో చూపే గ్రాఫ్) చూస్తూ చెయ్యండి. లేయర్స్ ఉన్న ఫోటోలో హిస్టోగ్రామ్ మీద ఒక్కో వరసకి ఒక్కో మూపురం కనిపిస్తుంది. రెండు మూపురాల మధ్య చిన్న పల్లం ఉన్నంతవరకు ఆ రెండు కొండలూ కంటికి విడిగా ఉంటాయి. ఆ పల్లం పూడిపోయిందంటే అతిగా లాగినట్టు లెక్క.

పాతరీలు
మూపురాల మాట బాగుంది. నేనిన్నాళ్ళూ హిస్టోగ్రామ్‌ని రెండు చివర్ల కోసమే చూసేవాణ్ణి.

శ్రావ్య_ఫ్రేమ్స్
క్లారిటీ (అంచుల కాంట్రాస్ట్ పెంచే స్లైడర్) కూడా ముట్టుకోకండి. కొండ అంచుని 100 శాతం జూమ్ చేసి చూడండి. క్లారిటీ +30 దాటితే గీత పొడుగునా తెల్లటి దారం కుట్టినట్టు ఒక అంచు వస్తుంది. ప్రింట్‌లో ఇంకా ఘోరం. షార్ప్‌నింగ్ ముందు వరస వరకే, మాస్క్ వేసి. దూరపు కొండలు మెత్తగా ఉంటేనే దూరంగా ఉన్నట్టు.

పాతరీలు
ఫిల్మ్ రోజుల్లో ఈ మసక ఎంత కావాలో ఫిల్టర్‌తో తేల్చుకునేవాళ్ళం. బ్లాక్ అండ్ వైట్‌లో ఎర్ర ఫిల్టర్ పెడితే నీలి మసక మాయమై దూరపు కొండ ఎదుటికొచ్చి నిలబడుతుంది. నీలి ఫిల్టర్ పెడితే ఉన్న మసక రెట్టింపైనట్టు ఉంటుంది. ఇప్పుడు రంగుల రా ఫైల్‌ని బ్లాక్ అండ్ వైట్ చేసేటప్పుడు బ్లూ స్లైడర్ పైకి జరపండి, అదే జరుగుతుంది. డీహేజ్ లైట్‌రూమ్‌లోకి వచ్చింది 2015లో. అప్పట్నుంచీ అందరి కొండలూ మొన్ననే కడిగి ఆరేసినట్టు ఉంటున్నాయి.

పిక్సెల్‌పిచ్చి
డీహేజ్‌ని మైనస్ వైపు జరిపితే మసక పెరుగుతుంది కదా, దాని మీద కూడా కోపమేనా?

పాతరీలు
మైనస్ 10 దాకా ఫర్వాలేదు. ఆపైన కొండ మధ్యలో కూడా మసక వస్తుంది, దూరానికీ దానికీ సంబంధం ఉండదు.

వాన_మబ్బు
ఇంకొందరు ఏకంగా బ్రష్‌తో మంచు పూస్తారు. ఎదురెండలో ఉన్న కొండకి పక్కెండలో ఉన్న మంచు. అదేం సరదానో.

పిక్సెల్‌పిచ్చి
ఎవరిష్టం వాళ్ళది. చిత్రకారులు చేస్తే కళ, మనం చేస్తే మోసమా?

నీలిగీత
చిత్రకారులు కూడా చూసే వేశారు. లియొనార్డో డావించీ తన నోట్సులో దూరపు కొండలకి నీలం ఎలా పెంచుకుంటూ పోవాలో రాసుకున్నాడు. చైనాలో 11వ శతాబ్దపు చిత్రకారుడు గ్వో షీ అయితే కొండల్లో దూరాన్ని మూడు రకాలుగా విడదీశాడు: కింద నుంచి పైకి చూసే దూరం, ముందు కొండ మీదుగా వెనక కొండల్లోకి తొంగిచూసే లోతు, దగ్గర కొండ నుంచి ఎదురుగా పరుచుకునే దూరం. మనం లేయర్స్ అంటున్నది ఎక్కువగా రెండోది, మూడోది. మంచు పూసినా పూయకపోయినా ఆ తేడా తెలిసి చేస్తే చాలు.

ట్రైపాడ్_బాబాయ్
మోడరేటర్ గారూ, ఈ ఇద్దర్నీ వేరే గదిలో కూర్చోబెట్టండి. ప్రశ్న అడిగినాయన నోట్సు రాసుకుంటున్నట్టున్నాడు.

కొండదారి
నిజంగానే రాసుకుంటున్నా. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంది, అదీ మార్చాలా?

ఎఫ్8
మార్చండి. ఆటో ఆ నీలాన్ని రంగు లోపం అనుకుని సరిచేయబోతుంది. డేలైట్‌లో పెట్టి వదిలేయండి. రాలో తీస్తే తర్వాత ఎలాగూ మార్చుకోవచ్చు, కానీ అక్కడ స్క్రీన్ మీద సరైన రంగు కనిపిస్తే ఎప్పుడు తీయాలో తెలుస్తుంది.

మసకవెలుగు
ఒక చిన్న చేర్పు. అన్ని దూరపు కొండలూ నీలంగానే ఉండాలని లేదు. మంచు కప్పిన తెల్ల శిఖరం దూరమయ్యేకొద్దీ పసుపు పచ్చగా మారుతుంది. దాని నుంచి మన దాకా వచ్చే వెలుగులో నీలం దారిలోనే చెదిరిపోతుంది. ముదురు కొండ నీలంగా, తెల్ల కొండ పసుపుగా ఒకే ఫ్రేమ్‌లో ఉంటే సరిచేయకండి, అది సహజమే. ఇక అమెరికాలో బ్లూ రిడ్జ్, ఆస్ట్రేలియాలో బ్లూ మౌంటెన్స్ లాంటి చోట్ల చెట్లు వదిలే ఆవిర్ల వల్ల గాలిలో అతి సన్నటి కణాలు తయారై నీలం ఇంకా చిక్కగా ఉంటుంది. ఆ పేర్లు అందుకే వచ్చాయి.

మొబైల్‌వాలా
కొండల్లేని వాళ్ళ సంగతేంటి? మాకు చుట్టూ మైదానమే.

శ్రావ్య_ఫ్రేమ్స్
చెట్లున్నాయా? మంచు రోజున అడవి అంచు దగ్గర నిలబడండి. మంచు చిక్కగా ఉంటే కిలోమీటర్లలో జరగాల్సింది ముప్పై నలభై మీటర్లలోనే జరిగిపోతుంది. మొదటి చెట్టు నల్లగా, పది మీటర్ల వెనకది బూడిదగా, ఆ వెనకవి నీడల్లా. ఇసుక తిన్నెలయితే మసక కూడా అక్కర్లేదు, పొద్దున పక్కెండ చాలు, ఒక వైపు వెలుగు ఒక వైపు నీడతో వాటికవే పొరలవుతాయి. సముద్రంలో అలలు కూడా, ఎత్తు నుంచి టెలీతో తీస్తే. కాకపోతే దగ్గరి వాటికి ఎఫ్8 లెక్క కుదరదు, మొదటి చెట్టు పది మీటర్లలో ఉంటే ఎఫ్11, ఎఫ్16 కావాల్సి రావచ్చు.

ఎఫ్8
ఒప్పుకుంటున్నా. టెలీతో అయితే ఎఫ్16 కూడా చాలదు, రెండు మూడు ఫోకస్‌లతో తీసి కలపాలి.

కొండదారి
అప్‌డేట్: పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా, 70-200తో, ఎఫ్8, పోలరైజర్ లేకుండా తీశా. వరసలు వచ్చాయి. కానీ రెండు కొత్త సమస్యలు. కొన్ని ఫ్రేములు 200 దగ్గర కొంచెం కదిలినట్టున్నాయి, ట్రైపాడ్ మీదే ఉంది. ఇంకోటి, ఇక్కడ అప్‌లోడ్ చేస్తే చివరి కొండ పైన ఆకాశంలో మెట్లు మెట్లుగా గీతలు వస్తున్నాయి.

ట్రైపాడ్_బాబాయ్
మధ్య కాలమ్ పైకి లాగారా? దించెయ్యండి. లెన్స్ కాలర్‌ని బిగించండి, కెమెరా బాడీని కాదు. రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసెయ్యండి. స్టెబిలైజేషన్ ఆపి ఒకటి, ఆన్‌లో ఒకటి తీసి పోల్చండి, లెన్స్‌ని బట్టి మారుతుంది. గాలి వీస్తుంటే నిలబడకుండా మీరే ట్రైపాడ్‌కి అడ్డంగా కూర్చోండి.

పాతరీలు
టైమ్ ఎంత? ఎండ ఎక్కాక తీసినవే మెత్తగా ఉంటే అది కదలడం కాకపోవచ్చు. నేల వేడికి గాలి మరిగినట్టు కదిలి దూరపు అంచులు వణుకుతాయి. లైవ్ వ్యూలో జూమ్ చేసి కొండ గీతని చూస్తే నీళ్ళలో ఉన్నట్టు ఆడుతుంది. దానికి ట్రైపాడ్ ఏం చేస్తుంది, ఇంటికెళ్ళడమే.

కొండదారి
అవును, ఎండెక్కాక తీసినవే ఎక్కువ!

రా_ఫైల్_రాజు
మెట్ల గీతలు బ్యాండింగ్. మీ రా 14 బిట్ అయితే ఒక్కో రంగులో 16,384 స్థాయిలు ఉంటాయి. జేపెగ్‌లో 256. నున్నటి ఆకాశం సన్నటి తేడాతో పైదాకా పాకుతుంటే ఆ 256లో దానికి దొరికేవి కొన్నే, అందుకే మెట్లు. ఎడిటింగ్ మొత్తం 16 బిట్‌లో చేసి, చివర్లో మాత్రమే జేపెగ్ చెయ్యండి. అప్పటికీ కనిపిస్తే ఎగుమతికి ముందు కొంచెం గ్రెయిన్ కలపండి, మెట్లు చెదిరిపోతాయి. ఎవరికీ తెలీదు.

పిక్సెల్‌పిచ్చి
ఫోటో చూశా. బాగుంది, కానీ ఆకాశం సగం ఫ్రేమ్ తినేసింది. పై నుంచి కొయ్యండి. చివరి వరస పైన ఒక వేలెడు చాలు.

వాన_మబ్బు
నాకు ఆ ఖాళీయే నచ్చింది. కోస్తే ఊపిరాడదు. కొయ్యాల్సింది ఎడమ పక్క సెల్ టవర్.

పిక్సెల్‌పిచ్చి
టవర్‌ని ఉంచండి, ఎంత దూరమో తెలిసేది దాన్ని బట్టే.

కొండదారి
ఇద్దరూ చెప్పింది ఒకే ఫోటో గురించేనా? సరే, ఇంకొక్కటి. 200లో అన్ని వరసలూ పట్టట్లేదు. నిలువుగా తీసి పనోరమా కలపొచ్చా?

నీలిగీత
కలపొచ్చు. మాన్యువల్‌లో ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ కదలకుండా పెట్టండి, లేకపోతే అతుకుల దగ్గర మసక రంగు మారిపోతుంది. పక్క ఫ్రేమ్‌తో మూడో వంతు కలిసేలా తీయండి. మంచు కదులుతుంటే ఆగకుండా గబగబా తిప్పెయ్యాలి.

ఎఫ్8
ఎదురెండ కాబట్టి హుడ్ మర్చిపోకండి. ముందు గాజు మీద వేలిముద్ర ఉన్నా ఫ్లేర్ (వెలుగు మరకలు) వస్తుంది, తుడిచి వెళ్ళండి.